అన్నయ్యకు తగలనిది నాకెందుకు తగులుతోంది?

ప్రశ్న: మాది దేవరకొండ, నా వయసు 22. ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితురాళ్ల ఫొటోలు చూస్తే దిగులుతో నిద్ర పట్టదు. అన్నయ్య మాత్రం చలించడు. లోపం నా స్వభావంలోనే ఉందా?

జవాబు: లోపం కాదమ్మా. మనస్తత్వ శాస్త్రం చెప్పే ఐదు ప్రధాన వ్యక్తిత్వ లక్షణాలలో ఉద్వేగ అస్థిరత ఒకటి. అది ఎక్కువగా ఉన్నవారికి ఆందోళన త్వరగా కలుగుతుంది. మనిషి తనను అంచనా వేసుకోవడానికి తోటివారితో పోల్చుకుంటాడని అమెరికా మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే వివరించాడు. అయితే ఊరిలో పొరుగువారి కష్టసుఖాలను కలిపి చూస్తాం, ఫోనులో మాత్రం వారు ఎంచి పెట్టిన సుఖమే కనిపిస్తుంది కనుక, ఆ పోలిక మీకు న్యాయం చేయదు. రాత్రి ఫోనును వేరే గదిలో ఉంచండి. దిగులు రెండు వారాలకు మించి వేధిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.