డయాలసిస్ నర్సులకు వేరే సంఘం అక్కర్లేదు, ఉన్న సంఘంలో ఓ విభాగం చాలు

సందేహం: కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి ఇంగ్లండు వచ్చి డయాలసిస్ యూనిట్లలో పనిచేస్తున్న నర్సులం ఇరవై మందిమి దాకా ఉన్నాం. వాట్సాప్ గ్రూపు ఒకటి నడుస్తోంది. దాన్నే సంఘంగా రిజిస్టర్ చేయించాలా, లేక మేం సభ్యులుగా ఉన్న పెద్ద నర్సుల సంఘంలో ఒక విభాగం పెట్టించుకోవాలా?

జవాబు: పెద్ద సంఘంలోనే పెట్టించుకోండి. రిజిస్ట్రేషన్ మాట ఇప్పట్లో ఎత్తొద్దు. ఇక్కడ పదిమంది కూడి నియమాలు రాసుకుంటే రిజిస్ట్రేషన్ లేకుండానే సంఘం అయిపోతుంది గానీ, చట్టం దృష్టిలో దానికి సొంత ఉనికి ఉండదు. హాలు అద్దెకు మాట్లాడుకుని డబ్బు కట్టలేకపోతే సంతకం పెట్టినవాళ్ల నెత్తినే పడుతుంది. పోనీ ఛారిటీ చేద్దామంటే ప్రజలకు మేలు జరుగుతున్నట్టు చూపించాలి, సభ్యుల బాగు కోసమే ఉన్న సంఘాన్ని ఛారిటీగా ఒప్పుకోరు. బ్యాంకు ఖాతా, లెక్కలు, ఇన్సూరెన్సు, సభ్యుల వివరాలు దాచే పద్ధతి, ఇవన్నీ లాంగ్ డే (పన్నెండు గంటల డ్యూటీ) చేసి వచ్చి ఎవరు చూస్తారు? పెద్ద సంఘం నీడన ఉంటే ఈ బరువులో చాలా భాగం దాని ఆఫీసు మోస్తుంది.

ఈ పద్ధతి మీకు కొత్తేం కాదు. 1908లో మొదలైన ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కిందే మీరు కాలేజీలో చూసిన ఎస్‌ఎన్‌ఏ (నర్సింగు విద్యార్థుల సంఘం) నడిచింది. ఇక్కడ రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ అటు యూనియన్, ఇటు వృత్తి సంఘం. దాంట్లోనూ స్పెషాలిటీ వారీగా ఫోరంలు, వాటికి స్టీరింగ్ కమిటీలు ఉన్నాయి.

ముందు మీ మాతృసంఘం ఆఫీసుకు మెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి: కిడ్నీ నర్సింగుకు విభాగం ఇప్పటికే ఉందా, కొత్తది పెట్టాలంటే ఎంతమంది సభ్యుల సంతకాలు కావాలి, ఏ కమిటీ ఆమోదించాలి. ఉంటే దాంట్లోనే చేరి, లోపల చిన్న వర్కింగ్ గ్రూపు అడగండి. అది చిన్నతనం కాదు, సగం పని తప్పినట్టే.

లేదంటే ఒక పేజీ ప్రతిపాదన రాయాలి. చాలావరకు ఇక్కడే బోల్తా పడేది. ‘నర్సుల అభ్యున్నతి, ఐక్యత’ అని రాస్తే ఆ కాగితం పక్కకు పోతుంది. ఉన్న సంఘం చేయలేని ఏ పని మీరు చేస్తారో చెప్పాలి. మీ దగ్గర అలాంటిది ఉంది: మనవైపు చాలా యూనిట్లలో ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళానికి) సూదులు గుచ్చేది, మిషను నడిపేది డయాలసిస్ టెక్నీషియన్. ఇక్కడ ఆ పని ఎక్కువగా నర్సు చేతిలోనే ఉంటుంది. పదేళ్ల అనుభవంతో వచ్చినవాళ్లు కూడా మొదటి నెలల్లో అక్కడే తడబడతారు. ఆ ఖాళీ పూడుస్తామని రాయండి. పేరులో సీమ, తెలుగు వద్దు, స్పెషాలిటీ పేరు పెట్టి తలుపు అందరికీ తెరవండి. లేకపోతే సూదులు గుచ్చడంలో చేయి తిరిగిన ఇక్కడి సీనియర్లు దూరమైపోతారు. పండగలకు తెలుగు సంఘాలు ఉండనే ఉన్నాయి.

కమిటీకి ఏడుగురు చాలు. ఒకే ఆసుపత్రి నుంచి ఇద్దరికి మించొద్దు. మొదటి కమిటీ తాత్కాలికమని, ఏడాదిలోపు ఎన్నిక అని నియమావళిలోనే రాయండి. పదవి రెండేళ్లు, కానీ అందరూ ఒక్కసారే దిగిపోకుండా ఏటా సగంమందిని మార్చాలి. కోరం, అంటే మీటింగు చెల్లడానికి కనీసం ఉండాల్సినవాళ్లు, నలుగురు. విభాగం మూతపడితే మిగిలిన డబ్బు మాతృసంఘానికి పోతుందన్న వాక్యం మర్చిపోవద్దు.

డబ్బు సంగతి: ఎవరి సొంత ఖాతాలోకీ చందా వేయించొద్దు. తినకపోయినా తిన్నారన్న మాట వస్తుంది. ఖర్చు మాతృసంఘం ద్వారానే జరగాలి, ఇద్దరి ఆమోదంతో. డయాలసిస్ కంపెనీ స్పాన్సర్ చేస్తానంటే ముందు మాతృసంఘం పాలసీ చూడండి.

మీటింగులకు ఆదివారం మేలు. చాలా శాటిలైట్ యూనిట్లు (పెద్దాసుపత్రికి బయట ఉండే చిన్న డయాలసిస్ కేంద్రాలు) సోమవారం నుంచి శనివారం దాకానే నడుస్తాయి. ఆదివారమూ నడిచే పెద్దాసుపత్రుల వాళ్లు రోటా (డ్యూటీల పట్టిక) బయటికి రాకముందే ఆఫ్ అడగాలి కాబట్టి తేదీలు రెండు నెలల ముందే ప్రకటించండి. జనం నిలకడగా రావాలంటే వాళ్లకు పనికొచ్చేది ఇవ్వాలి. ఇక్కడ నర్సులను రిజిస్టర్ చేసే ఎన్‌ఎంసీ దగ్గర రీవాలిడేషన్‌కు, అంటే రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడానికి, మూడేళ్లలో 35 గంటల సీపీడీ (వృత్తిలో కొత్తగా నేర్చుకోవడం) కావాలి, అందులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవి అయ్యుండాలి. మీ క్లాసు ఆ లెక్కలోకి రావాలంటే హాజరు పత్రంలో తేదీ, అంశం, ఎన్ని గంటలు అన్నవి ఉండాలి. అయితే మీ క్లాసుకు వచ్చినంత మాత్రాన సూది గుచ్చే అర్హత రాదు, అది వాళ్ల యూనిట్‌లోనే సంతకం చేయించుకోవాలి. ఈ ముక్క ప్రతి పత్రం మీదా అచ్చువేయండి.

మొదటి ఏడాదికి ఒకే ఒక్క పని పెట్టుకోమంటే, తెలుగు పేషెంట్లకు తిండి కరపత్రం అంటాం. ఇక్కడి కాగితాల్లో క్రిస్ప్స్, జాకెట్ పొటాటో ఉంటాయి గానీ, రాగి సంగటి, శెనక్కాయల ఊరుబిండి ఉండవు. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ల ఒంట్లో పొటాషియం, ఫాస్ఫరస్ పేరుకుపోతాయి. తెల్లన్నం కంటే రాగుల్లో ఈ రెండూ ఎక్కువ, శెనక్కాయలూ అంతే. చింతపండు, టమోటా, కొబ్బరినీళ్లతో పొటాషియం పెరుగుతుంది. మజ్జిగ, చారు, పులుసు కూడా రోజు తాగే నీళ్ల లెక్కలోకే వస్తాయని చాలా ఇళ్లలో తెలీదు. అన్నిటికంటే ప్రమాదం సోడియం తక్కువని అమ్మే ఉప్పు: అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్. ‘మానేయండి’ అని రాస్తే ఎవరూ వినరు. పొటాషియం తగ్గేలా ఉర్లగడ్డ ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి అని పద్ధతి చెప్పండి. ఎవరికి ఎంత అన్నది రక్తపరీక్షల మీద ఉంటుంది కాబట్టి అంకెలు వేయొద్దు. రీనల్ డైటీషియన్ (కిడ్నీ రోగుల ఆహార నిపుణులు) చూడకుండా, మాతృసంఘం ఒప్పుకోకుండా వాట్సాప్‌లోకి వదలొద్దు. కాగితం అడుగున తయారైన తేదీ, మళ్లీ సరిచూసే తేదీ ఉండాలి.

ఆ వాట్సాప్ గ్రూపును ఉంచుకోండి, కానీ కబుర్లకూ తేదీలకూ మాత్రమే. ‘ఈ అలారం ఎందుకొస్తోంది అక్కా’ అని పెట్టే మిషను ఫొటోలో ఓ మూలన పేషెంటు పేరు కనిపిస్తే చాలు, ఉద్యోగానికీ నర్సు రిజిస్ట్రేషన్‌కూ ముప్పు. ఫిస్టులా చేతి ఫొటోలూ వద్దు. ఓస్కీ (ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు ముందు పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) ఇచ్చొచ్చి ఏం అడిగారో గ్రూపులో పెట్టడం నేరుగా ఎన్‌ఎంసీ దాకా పోయే తప్పు. ఊళ్లోని జూనియర్లను చేర్చుకుంటే వాళ్లతోపాటు ఉద్యోగాలిప్పించే ఏజెంట్లూ దూరతారు, అందుకని సభ్యత్వ నంబరు చూశాకే చేర్చండి.

చివరిగా వీసా. హెల్త్ అండ్ కేర్ వీసా (ఆరోగ్య ఉద్యోగాలకిచ్చే వర్క్ వీసా) మీద ఉన్నవాళ్లు కమిటీలో స్వచ్ఛందంగా పనిచేయొచ్చు. క్లాసు చెప్పినందుకు డబ్బు తీసుకుంటే మాత్రం అది స్వయం ఉపాధి కింద లెక్కకు రావచ్చు, దానికి ఆ వీసా షరతులు అడ్డు కావచ్చు. రైలు టికెట్ ఖర్చు రసీదు పెట్టి తీసుకోండి, ‘గౌరవ పారితోషికం’ అంటే వద్దనండి.