చెవి తమ్మె మీద కాయ: కోయించే ముందు

నమస్కారమండీ. మీ అమ్మాయికి చెవి రెండోసారి కుట్టించిన 6 నెలలకు తమ్మె వెనుక శనగగింజంత గట్టి కాయ లేచిందనీ, గాజువాకలో ఎవరో కోసేస్తే పోతుందన్నారనీ రాశారు. దయచేసి ఉత్త కోత చేయించకండి. అది కీలాయిడ్ (గాయం మానేచోట మచ్చ గాయాన్ని దాటి గట్టిగా పెరగడం) అయితే చాలామందికి తిరిగి, ఒక్కోసారి మునుపటికన్నా పెద్దదిగా లేస్తుంది. ముందు విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీలో చూపించండి. చిన్న కాయకు సాధారణంగా 4 నుంచి 6 వారాలకొకసారి ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కాయలోకే ఇస్తారు. నొప్పి గట్టిగానే ఉంటుంది, చుట్టూ చర్మం కొంత తెల్లబడవచ్చు, అయినా చాలామందికి దురద తగ్గి, కాయ మెత్తబడి, క్రమంగా అణుగుతుంది. దానికీ లొంగకపోతే కోసి, ఇంజెక్షన్లు కొనసాగిస్తూ, తమ్మెను రెండువైపులా నొక్కిపట్టే ప్రెషర్ కమ్మను నెలల తరబడి పెట్టిస్తారు. మళ్లీ చెవి మాత్రం కుట్టించకండి.