రాట్‌వీలర్ మా ఇంటికి తగినదేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. ఊరి చివర ఇల్లు, దాన్ని ఆనుకొని నాలుగెకరాల బత్తాయి తోట ఉన్నాయి. ఇంట్లో నేను, డెబ్బై దాటిన మా అత్తమ్మ, ఆరేళ్ల పాప ఉంటాం. మా వారు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో వస్తారు. ఈ మధ్య తోటలో మోటారు వైర్లను దొంగలు కోసుకుపోవడంతో, కాపలాకు రాట్‌వీలర్ కూనను తెస్తానని ఆయన పట్టుబడుతున్నారు. ప్రతి నెలా మా అరుగు మీదే పొదుపు సంఘం మీటింగ్ జరుగుతుంది. అంత పెద్ద కుక్కను నేను సంభాళించగలనా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీరు రాసిన పరిస్థితిని బట్టి చూస్తే, తేవద్దనే నా సలహా. కుక్క కావాలంటున్నవారు వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటారు. మిగిలిన ఐదు రోజులూ దాని గొలుసు పట్టుకోవలసింది మీరు. (ఈ పేజీని మీ వారికి చూపించినా నాకు అభ్యంతరం లేదు.)

రాట్‌వీలర్ చెడ్డ జాతి కాదు. జర్మనీలోని రాట్‌వైల్ పట్టణం పేరుతో పిలిచే ఈ కుక్కలను ఒకప్పుడు పశువుల మందలను తోలడానికి, కసాయివారి బండ్లు లాగడానికి పెంచేవారు కాబట్టి, యజమాని చెప్పేదాకా ఆగకుండా తానే నిర్ణయించుకొనే మొండితనం దానికి పనిలోంచే అబ్బింది. ఎదిగిన మగ కుక్క 50 కిలోలు, ఒక్కోసారి అంతకు మించి తూగుతుంది. అది మీ అత్తమ్మగారిని కరవనక్కరలేదు, సంతోషం పట్టలేక మీదికి ఎగబడినా ఆమె తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల వయసు వరకు ఇలాంటి కుక్క ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో పరీక్షించి చూస్తుంది. ఆ కాలంలో రోజూ ఒకే మనిషి, ఒకే తీరున, కొట్టకుండా శిక్షణ ఇవ్వాలి.

పగలంతా కట్టేసి రాత్రి వదిలితే బాగా కాపలా కాస్తుందని మన వైపు చాలామంది నమ్ముతారు. నేను దీనితో ఏకీభవించను. కూన మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపు చూసిన మనుషులను, విన్న చప్పుళ్లను మామూలు విషయాలుగా తీసుకొంటుంది. ఆ వయసులో చేతికర్ర పట్టుకొని నడిచే ముసలివారిని, ఆటోలను, మేకల మందను, అరుగు నిండా కూర్చున్న ఆడవాళ్లను చూడకుండా గొలుసుకే పరిమితమై పెరిగితే, పెద్దయ్యాక దానికి కొత్తవారంతా ఒక్కటే. వైరు కోయడానికి వచ్చిన దొంగకూ, పొదుపు డబ్బు కట్టడానికి గేటు తీసిన సంఘం సభ్యురాలికీ అది తేడా చూపదు. కుక్క విషయంలో నిర్లక్ష్యంగా ఉండి ఇతరులకు హాని కలిగే పరిస్థితి తెచ్చినవారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మన ఎండలు సరేసరి. మే నెలలో నల్గొండలో 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు, నల్లటి ఒత్తు బొచ్చున్న ఈ జాతిని మిట్టమధ్యాహ్నం తోటలో కట్టేస్తే వడదెబ్బతో ప్రాణం మీదికి వస్తుంది.

నిజానికి మీకు కావలసింది కరిచే కుక్క కాదు, అలికిడి కాగానే మొరిగి మిమ్మల్ని లేపే కుక్క. అందుకు మన ఊరి కుక్క కూనలు రెండింటిని మోటారు షెడ్డు దగ్గరే అన్నం పెట్టి పెంచుకోండి. మూడు నెలల వయసు నిండగానే రేబిస్ టీకా, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం బూస్టర్లు వేయించండి, తగిన వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, ఒంటికి గోమార్లు పట్టకుండా చూడండి. మన వాతావరణానికి అవి అలవాటుపడినవి, తిండి ఖర్చూ తక్కువే.

అయినా మీ వారు పట్టు వీడకపోతే, ముందుగా ఎదిగిన రాట్‌వీలర్‌ను పెంచుతున్నవారి ఇంటికి ఇద్దరూ వెళ్లండి. యజమాని పక్కన ఉండగా గొలుసు మీరే పట్టుకొని, మేకలు ఎదురయ్యే దారిలో కొంతదూరం నడవండి. అది ముందుకు లాగినప్పుడు నిలబడగలిగారో లేదో ఆయనే చూస్తారు. కూనను కొనే పరిస్థితే వస్తే, ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధమని గుర్తుంచుకోండి. తల్లి కుక్క కొత్తవారితో ఎలా ఉంటుందో దగ్గరుండి చూడండి, దాన్ని చూపించడానికి సాకులు చెప్పేచోట బయానా ఇవ్వకండి.