పాఠకుల ప్రశ్నలు: ఇంగ్లీషు సామెతల్లో పెళ్లి

ప్రశ్న: తొందరపడి పెళ్లి చేసుకుంటే ఆ తర్వాత తీరిగ్గా విచారించవలసి వస్తుందని ఇంగ్లీషులో ఒక సామెత ఉంది. పెళ్లిళ్లు స్వర్గంలోనే నిశ్చయమవుతాయని మరొకటి ఉంది. అంతా పైవాడి నిర్ణయమే అయితే తొందరపడితేనేం, ఆగితేనేం? ఆ సమాజం నిజంగా నమ్మింది దేనిని?

జవాబు: ఈ రెంటిలో మొదటిదే బరువైనదని నా అభిప్రాయం. విధిని గురించిన సామెతను ఇంగ్లీషువారు తరచు సగం హాస్యంగానే వాడారు. జాన్ హేవుడ్ 1546లో అచ్చువేసిన సామెతల పుస్తకంలోనే పెళ్లి, ఉరి రెండూ విధిరాతలేనన్న మాట కనిపిస్తుంది. షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకంలో మూడు పెట్టెల్లో సరైనదాన్ని ఎంచుకున్నవాడికే దక్కే నాయిక పోర్షియాను కోరివచ్చిన ఒక రాకుమారుడు తప్పు పెట్టెను ఎంచుకుని వెనుదిరిగినప్పుడు, ఆమె చెలికత్తె నెరిస్సా ఆ పాత సామెతనే గుర్తు చేస్తుంది. పెళ్లిని ఉరితాడు పక్కన నిలబెట్టిన ఆ మాటలో భక్తి కంటే కొంటెతనమే ఎక్కువ.

తొందర వద్దన్న సామెత వెనుక మాత్రం చట్టమే ఉంది. 1857కు ముందు ఇంగ్లండులో చర్చి న్యాయస్థానాలు దంపతులను విడిగా బతకడానికి అనుమతించగలిగేవే గాని, మళ్లీ పెళ్లి చేసుకునే హక్కుతో విడాకులు ఇవ్వగలిగేవి కావు. అటువంటి విడాకులు కావాలంటే ఆ ఒక్క జంట కోసమే పార్లమెంటు ఒక చట్టం చేయవలసి వచ్చేది, అంత ఖర్చు భరించగలిగినవారు ధనవంతులే. 1857 చట్టం ఈ పనిని న్యాయస్థానానికి అప్పగించింది గాని, భార్య వ్యభిచారం ఒక్కటే భర్తకు చాలినంత కారణం కాగా, భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వం, విడిచిపెట్టడం వంటి మరో నేరాన్ని కూడా రుజువు చేయవలసి వచ్చింది. ఆ తేడా 1923 దాకా పోలేదు. కనుక ఆ సామెతలోని 'తీరిక' చాలామందికి జీవితకాలమంత పొడవైనది.

ఎంపికను గురించిన సామెతలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. భార్యను కంటితో కాక చెవితో ఎంచుకోమనే సామెత అందాన్ని పక్కనపెట్టి, నలుగురిలో ఆమెకున్న పేరును విచారించమంటుంది. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగంలో 1738లో ఇచ్చిన సలహా ఇంకా చమత్కారమైనది: పెళ్లికి ముందు రెండు కళ్లూ బాగా తెరిచి ఉంచాలి, తర్వాత సగం మూసుకోవాలి. జార్జ్ హెర్బర్ట్ పేరిట 1640లో వెలువడిన సంకలనంలో, కొడుకుకు నీకు ఇష్టమైనప్పుడు, కూతురికి నీకు వీలైనప్పుడు పెళ్లి చేయమన్న సామెత ఉంది. ఆడపిల్ల తండ్రి ఆందోళన అంతా ఆ చిన్న తేడాలోనే తెలుస్తుంది.

డబ్బు సంగతి మరీ ఆసక్తికరం. డబ్బు కోసం పెళ్లాడవద్దు, కాని డబ్బున్న చోటికే వెళ్లు అనే మాటను టెన్నిసన్ తన కవితలో ఒక రైతు నోట, కొడుకుకు చేసే హితబోధగా పలికించాడు. 1870, 1882 సంవత్సరాల చట్టాలు వచ్చేదాకా, ప్రత్యేకమైన ఒప్పందం ఏదీ లేకపోతే, భార్య డబ్బు, నగలు, ఇతర చరాస్తి పెళ్లితో భర్త సొంతమయ్యేవి. ఈ సంగతి తెలిసి చదివితే ఆ రైతు గడుసుతనం మనల్ని నవ్వించినా, కాస్త చేదుగానే ఉంటుంది. ఈ సామెతలలో ఎక్కువ భాగం మగవాడి చెవిలో చెప్పినవే. పెళ్లిలో ఎక్కువ పోగొట్టుకోగలిగిన మనిషికి సలహా చెప్పినవి అరుదు.

ప్రశ్న: మే నెలలో పెళ్లి చేసుకుంటే కలకాలం విచారమే అనే ఇంగ్లీషు సామెతకు ఆధారం ఏమిటి?

జవాబు: ఈ నమ్మకం ఇంగ్లండు కంటే చాలా పాతది. రోమనులు మే నెలలో లెమూరియా పేరుతో ప్రేతాలను శాంతింపజేసే దినాలు పాటించేవారు. మే పెళ్లిళ్లు చెడ్డవని జనం అంటారని రోమను కవి ఓవిడ్ ఆ దినాలను వర్ణిస్తూ రాశాడు. స్కాట్లండు రాణి మేరీ 1567 మే 15న బోత్‌వెల్ అనే ప్రభువును పెళ్లాడినప్పుడు ఓవిడ్ వాక్యాన్నే ఎవరో రాజభవనం తలుపుకు అంటించారని చెబుతారు. సరిగ్గా నెల తిరిగేసరికి ఆమె తన ప్రభువుల చేతికి చిక్కింది, జూలైలో సింహాసనం వదులుకుంది. అయితే తప్పు మే నెలది కాదు: అదే ఏడాది ఫిబ్రవరిలో హత్యకు గురైన ఆమె అంతకుముందటి భర్త డార్న్‌లీ చావుకు బోత్‌వెలే కారకుడని జనం అనుమానించారు.