బుజ్జమ్మకు, వైపర్ల సంగతి

బుజ్జమ్మా,

సెకండ్ హ్యాండ్ కారు కొన్నావనీ, శ్రావణంలో అమ్మనీ అమ్మమ్మనీ ఎక్కించుకుని నువ్వే శ్రీశైలం తీసుకెళ్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లవి. ఆ సంతోషం పూర్తిగా అనుభవించనివ్వకుండా, "వైపర్లు కీచుమంటున్నాయట అన్నయ్యా, వీడియోలు చూసి అదే బాగుచేసుకుంటుందట" అంది. ఇక నాకు టెన్షన్.

చేసుకో, పెద్ద పనేం కాదు. ముందు అద్దం షాంపూ నీళ్లతో కడుగు. రబ్బరు అంచును తడిగుడ్డతో ఈ కొస నుంచి ఆ కొసకి తుడువు, గుడ్డకి నలుపు అంటడం తగ్గేదాకా. రబ్బరు గట్టిపడినా, చిట్లినా కొత్త బ్లేడ్లే. చాలా కార్లలో డ్రైవర్ వైపుది పొడుగు, పక్కది పొట్టి. రెండూ కొలుచుకుని షాపుకెళ్లు.

సన్నటి గీత ఎప్పుడూ ఒకే చోట పడుతుంటే అక్కడ రబ్బరుకి గాటో, ఇసుక రేణువో ఉన్నట్టు. వెడల్పాటి పట్టీ తుడవకుండా వదిలేస్తే బ్లేడు అద్దానికి సరిగా ఆనడం లేదు. ఒకవైపు మెత్తగా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు టకటకా ఎగిరితే ఆర్మ్, అంటే బ్లేడుని పట్టుకునే ఇనుప చెయ్యి, మెలిపడి ఉండొచ్చు. దిశ మారినప్పుడల్లా రబ్బరు అంచు రెండో వైపుకి వాలాలి. ఆర్మ్ ఒరిగితే వాలదు. వీడియోల్లో దాన్ని కటింగ్ ప్లేయర్‌తో వంచేస్తారు. నువ్వు ముట్టుకోకు, అదొక్కటి మెకానిక్‌కి వదిలెయ్.

అద్దమంతా మసకేస్తే మాత్రం అది జిడ్డు. నాకు అసలు భయం దాంతోనే. మీ నాన్న దగ్గర ఈ మాటెత్తకు, ఇప్పటికీ ఒప్పుకోడు. నువ్వు ఒళ్లో పిల్లవి. అద్దె అంబాసిడర్‌లో ఇదే శ్రీశైలం. కీచుమంటోందని బావ బయల్దేరే ముందు డీజిల్ గుడ్డతో రబ్బర్లు తుడిచాడు. చప్పుడు నిజంగానే ఆగింది. "చూశావా" అని నా వైపు గర్వంగా చూశాడు కూడా. డిండి దాటాక వాన. రాత్రి 9కి మన్ననూరులో అడవి చెక్‌పోస్టు మూసేస్తారని తొందర. ఎదురుగా బస్సు లైట్లు పడ్డాయి, అంతే, అద్దం మొత్తం తెల్లబడిపోయింది. రోడ్డు అంచు లేదు, మలుపు లేదు. బావ తల కిటికీలోంచి బయటపెట్టి బ్రేకు నొక్కాడు. దిగి చూస్తే కల్వర్టు గోడకీ ముందు చక్రానికీ మధ్య జానెడు. వెనకొచ్చిన లారీ క్లీనర్ అద్దం మీద వేలు రాసి వాసన చూసి, "డీజిల్ పూశారా సార్" అని నవ్వాడు. సబ్బుపొడితో రెండుసార్లు కడిగితే గానీ దారి కనబడలేదు. ఆ రబ్బర్లు తర్వాత ఉబ్బి వంకర తిరిగాయి.

అందుకే డీజిల్, కిరసనాయిలు, కొబ్బరినూనె, ఏదీ వద్దు. ఎవరు చెప్పినా వద్దు. వాటర్ వాష్ కుర్రాళ్లకి కూడా ముందద్దానికి పాలిష్ పెట్టొద్దని చెప్పు. పొడి అద్దం మీద వైపర్ తిప్పకు, దుమ్ముతో గీతలు పడతాయి.

బ్లేడు ఊడదీసేముందు అద్దం మీద పాత తువ్వాలు మడిచి పరువు. ఆర్మ్‌లో స్ప్రింగ్ గట్టిది. బ్లేడు లేని ఇనుప కొక్కెం చెయ్యిజారి అద్దం మీద పడితే పగుళ్లే. వీడియోలో వాడు పరవలేదు కదా అనకు. వాడి అద్దం వాడిష్టం.

కొత్తవి వేశాక పగలు చూసి మురిసిపోవద్దు. చీకటిపడ్డాక వీధి లైటుకి ఎదురుగా బండి పెట్టి, నీళ్లు కొట్టి చూడు. జిడ్డు మిగిలుంటే అప్పుడు తెలుస్తుంది.

ఆ చెక్‌పోస్టు ఇప్పటికీ ఉదయం 6కే తెరుస్తారు. తెల్లారుజామునే బయల్దేరు, రాత్రి 9 లోపు దాటాలని ఉరకొద్దు. ఘాట్‌లో మా అమ్మకి తల తిప్పుతుంది, వాంతులు కూడా. ముందు సీట్లో కూర్చోబెట్టు. చేతికి ఒక నిమ్మకాయ, రెండు కవర్లు ఇవ్వు.

మీ పెద్దమామయ్య