పొటాలా గోడల్లో పాలు, పుల్లలు

ప్రశ్న: టిబెట్‌లోని లాసాలో ఉన్న దలైలామాల పొటాలా ప్రాసాదానికి ఏటా వేసే సున్నంలో పాలు, చక్కెర కలుపుతారట. మా పాత పెంకుటింటికీ అలా వేయవచ్చా?

జవాబు: కలిపేది నిజమే, తేనె కూడా. వానలు వెలిశాక, శరదృతువులో ఆ సున్నాన్ని బకెట్లతో గోడ పైనుంచి కుమ్మరిస్తారు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ సున్నపు కాల్షియంతో కలిసి జిగురవుతుంది, పూత చేతికి అంటదు. చక్కెర వల్ల సున్నం నీటిలో మరింత కరుగుతుంది. మన గానుగ సున్నంలో బెల్లం నీళ్లు పోసేదీ కొంత ఇందుకే.

మీరు వేయవచ్చు. ముందు పాత పెయింటు పూర్తిగా గీకేయండి, దాని మీద సున్నం పట్టదు. గోడ తడిపి, వడగట్టిన పల్చటి సున్నంలో వెన్న తీసిన పాలు పదోవంతు మించకుండా కలిపి, మూడు పూతలు వేయండి. చిక్కగా ఒకేసారి వేస్తే పెచ్చులూడుతుంది. లాసా గాలి పొడి. కోస్తా తేమలో పాలు ఎక్కువైతే బూజు పడుతుంది.

ప్రశ్న: ప్రాసాదం మొత్తం ఒకరే కట్టించారా?

జవాబు: కాదు. 1645లో పని మొదలుపెట్టించింది అయిదో దలైలామా. ఆయన 1682లో కన్నుమూశారు. ఆయన తరఫున పాలన చూసిన సాంగ్యే గ్యాత్సో ఆ సంగతి ఏళ్ల తరబడి దాచి, పొటాలాలో ఎర్ర ప్రాసాదమనే భాగాన్ని 1690–94లో కట్టించాడు. అయిదో దలైలామా సమాధి స్తూపం అందులోనే ఉంది.

ప్రశ్న: ఫొటోల్లో కప్పు అంచు కింద కనిపించే ముదురు ఎరుపు పట్టీ ఇటుకేనా?

జవాబు: పుల్లలు! అక్కడ దాన్ని పెన్‌బే అంటారు. సన్నటి కొమ్మల బెరడు తీసి, ఎండబెట్టి, తోలు తాళ్లతో పిడికెడు కన్నా సన్నటి కట్టలు కట్టి, నరికిన కొసలు బయటికి కనబడేలా పేరుస్తారు. పైన ఎర్రమట్టి రంగు. లోపలి వైపు మాత్రం రాయే. అడుగున సుమారు 5 మీటర్ల మందమున్న గోడకు పైన బరువు తగ్గించే ఉపాయమిది, ఎంతో తెలివైనది.

దీనికి శత్రువు పైనుంచి దిగే నీరు. కప్పు మీద పరిచే అర్గా అనే సున్నపు మట్టిని ముతకది కింద, మెత్తనిది పైన వేసి, పాటలు పాడుతూ రోజుల తరబడి దిమ్మిస కొట్టి, నూనె పట్టిస్తారు. గట్టిగానే ఉంటుంది, కానీ కింది దూలం కాస్త వంగినా బీటలిస్తుంది. ఆ బీటలోంచి నీరు దిగి ముందు దూలం కొసల్ని, తర్వాత పుల్లల్ని కుళ్లబెడుతుంది. 1989–94లోనూ, 2002 నుంచి జరిగిన మరమ్మతుల్లోనూ కప్పులకూ దూలాలకూ అంత పని పడింది అందుకే. దూలం మార్చకుండా పైపైన అర్గా పూస్తే అదే చోట మళ్లీ పగులుతుంది.