గోల్ఫ్‌లో పట్ కొట్టిన బంతి పిన్‌కు తగిలితే పెనాల్టీ ఉంటుందా?

గ్రీన్ మీద (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) పట్ కొట్టినప్పుడు, అంటే బంతిని హోల్ వైపు దొర్లించినప్పుడు, అది హోల్‌లో ఉన్న పిన్‌కు (జెండా కర్రకు) తగిలితే పెనాల్టీ వేస్తారా అని అడిగారు. వేయరు. 2019 జనవరి 1 నుంచి ఆ పెనాల్టీ తీసేశారు. అంతకుముందు, కొట్టిన మొత్తం దెబ్బలు (స్ట్రోకులు) లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు అదనంగా పడేవి, ఒక్కో హోల్‌కు విడిగా గెలుపోటములు తేల్చే మ్యాచ్ ప్లేలో ఏకంగా ఆ హోలే పోయేది.

దీని మీద మా కుటుంబంలోనే పెద్ద వాదన జరిగింది. మాది విజయవాడ. ఆడాలనిపిస్తే పొద్దున్నే రత్నాచల్ ఎక్కి విశాఖ వెళ్తాను. ఆ రోజు గుంటూరు నుంచి మా బావగారూ వచ్చారు. మిర్చి వ్యాపారం ఆయనది, ఆటలో నాకన్నా చాలా సీనియర్. నాకు పల్లానికి పట్ వచ్చింది. పిన్ ఉంచే కొట్టాను. బంతి జోరుగా వెళ్లి పిన్‌కు టక్కున తగిలి, పిన్‌కూ హోల్ అంచుకూ మధ్య ఇరుక్కుంది.

"తగిలిందిగా! రెండు వేసుకోవోయ్," అన్నారు బావగారు.

చెంప గడ్డికి తగిలేంతగా వంగి చూశాను. బంతి అడుగుభాగం గ్రీన్ మట్టానికి కిందే ఉంది. పిన్‌ను ఆనుకుని ఆగిన బంతి కొంచెమైనా ఆ మట్టానికి దిగువన ఉంటే చాలు, హోల్‌లో పడినట్టే. పాత రూల్‌లో అయితే పిన్ కదిపి బంతి లోపల పడుతుందో లేదో చూడాలి. ఫోన్‌లో గోల్ఫ్ రూల్స్ తెరిచి, పిన్ గురించిన రూల్ 13.2 తీసి చూపించాను. "మా రోజుల్లో ఇలా లేదు" అని ఒక్క మాట అని, స్కోర్ దిద్దారు.

సీనియర్లలో చాలామంది ఇంతే. రూల్స్ మారాయని చదవరు. కొత్తగా నేర్చుకునే పిల్లలు వాళ్ల మాట విని, నోరెత్తకుండా రెండు స్ట్రోకులు కలిపి రాసుకుంటారు. ఇది అన్యాయం. మన పేపర్ల స్పోర్ట్స్ పేజీలో క్రికెట్ మధ్య ఇలాంటి మార్పుల గురించి నాలుగు లైన్లు వేస్తే ఏం పోతుంది?

నన్నడిగితే పట్ కొట్టేటప్పుడు పిన్ తీయనే కూడదు. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. అరంగుళం మందం పిన్ సరిగ్గా నడిమధ్య ఉంటే పక్కన 47 మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది, బంతి చూస్తే 43 లోపే. పైగా జోరుగా వచ్చిన బంతిని పిన్ ఆపుతుంది. గోల్ఫ్ కోచ్ డేవ్ పెల్జ్ ఎప్పుడో పరీక్షలు చేసి పిన్ ఉంచడమే మేలన్నాడు. రూల్ మారగానే అమెరికన్ ప్రొఫెషనల్ ఆటగాడు బ్రైసన్ డిషాంబో టోర్నమెంట్లలోనే ఉంచి ఆడాడు. పిన్ మీ వైపు వాలి ఉంటే మధ్యకు సరిచేసుకోవచ్చు, మీకు అనుకూలంగా ఇంకో పక్కకు వంచకూడదు.

పిన్ ఉంచాలో తీయాలో కొట్టకముందే తేల్చుకోండి. బంతి దొర్లుతుండగా, అది ఆగే చోటు మారాలని ఎవరైనా కావాలనే పిన్ లాగితే స్ట్రోక్ ప్లేలో ఇప్పటికీ రెండు స్ట్రోకులు పడతాయి.